వావ్‌కి విరుగుడు

వాకాడు దగ్గర మా పల్లెలో కామాక్షమ్మ నమ్మేది సముద్రాన్ని ఒక్కదాన్నే. మనుషుల్ని నమ్మదు. మెచ్చుకునేవాళ్ళనైతే అసలే నమ్మదు. ఆ మాటకొస్తే మా రేవులో ఎవరూ చేపలు బాగా పడ్డాయనరు, దిష్టి తగులుతుందని. పడవ నిండినా "ఏదో, కూరకు పడినాయి" అంటారు. ఆమె భర్త ముత్యాలయ్య కూడా నలభై ఏళ్ళలో ఆమె చేపల పులుసును ఒక్కసారీ బాగుందనలేదు. రెండోసారి వడ్డించుకోవడమే ఆ ఇంట్లో మెప్పు.

అలాంటి ఇంటికి నాయుడుపేట నుంచి కోడలుగా వచ్చింది విజయకుమారి. ఇంగ్లీషు మీడియం పిల్ల. పీతను చూస్తే వావ్. రొయ్యల్ని చూస్తే ఓ మై గాడ్. పులుసు నోట్లో పెడితే అమేజింగ్. మామ ఏ సంగతి చెప్పినా రియల్లీ.

నేను ఇక్కడి బడిలో టీచర్ని. కామాక్షమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, వావ్ అంటే ఏంది?"

"ఆశ్చర్యపోయి, భలే ఉందనడం."

"మరి రియల్లీ?"

"నిజమా అని."

"అంటే మేం అబద్ధాలు చెప్తా ఉండామనా?"

"కాదమ్మా, నమ్మలేనంత వింతగా ఉందని."

"అదే గదా. నమ్మలేదని నువ్వే చెప్తివి."

ఓ మై గాడ్ అంటే దేవుణ్ణి తలుచుకోవడమేనని సర్దిచెప్పబోయాను. "రొయ్యల్ని జూస్తే దేవుడెందుకు గుర్తొస్తాడు? ఏదో ఉంది" అని లేచి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి కోడలు వావ్ అన్నప్పుడల్లా గుప్పెడు రాళ్ళ ఉప్పుతో దిష్టి తీసి పొయ్యిలో వేసేది, ఆ పిల్ల కళ్ళముందే. ఆ పిల్ల మొదట్లో నవ్వింది. ఒకరోజు నిండుగా వచ్చిన వలను చూసి వావ్ అంది. మర్నాడు ఆ వల నీళ్ళడుగున దుంగకు తగులుకుని చిరిగింది. కామాక్షమ్మ కోడలి వైపు ఒక చూపు చూసింది. నాకైతే ఒళ్ళు మండింది. వల చిరగడానికి ఇంగ్లీషు కావాలా?

ఆ పిల్ల మాత్రం మాట మానేసింది. పదిరోజులకు బడికి వచ్చి, "రేపు అమ్మ వాళ్ళింటికి పోతా ఉండా టీచర్. మళ్ళీ రాను. ఆ ఇంట్లో నోరు తెరవాలంటే భయంగా ఉండాది" అని ఏడ్చింది. ఊరుకోలేక సాయంత్రం తన వెంట వాళ్ళింటికి వెళ్ళాను.

కామాక్షమ్మ ఇద్దరికీ పులుసు వడ్డించింది. ఆ పిల్ల తలొంచుకుని తింది. రెండోసారి వేసుకోలేదు. గోడ పక్కన సర్దిన బ్యాగును కామాక్షమ్మ అప్పుడే చూసింది.

"ఎట్టుందమ్మే?"

"బాగుంది అత్తా."

ఆమె నా వైపు తిరిగింది. మొహం చిన్నబోయింది. "నలభై ఏళ్ళకు నా పులుసును ఒక మనిషి మెచ్చుకునింది టీచరమ్మా. ఆ నోరు నేనే మూయిస్తిని."

వంటింట్లోకి వెళ్ళి, గుప్పెట మూసుకుని వచ్చింది. గరిటెడు పులుసు కోడలి కంచంలో పోసి పక్కనే కూర్చుంది.

"ఉప్పు చేతిలోనే పెట్టుకోనుండా. ఇప్పుడను."