నల్లా దగ్గర చెప్పిన వైరస్ సంగతి

మొన్న గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట బొప్పాయి కొంటుంటే, తోలు మీద గుండ్రటి వలయాలున్న కాయను బండివాడు పక్కకు తోసేశాడు. నేను దాన్నే అడిగి తీసుకున్నాను. ఆ వలయాలు తెచ్చిపెట్టే వైరస్‌తోనే నా ఉద్యోగం మొదలైందని అతనికి చెప్పి ఏం లాభం?

అప్పట్లో కామాటిపురాలో, వరుసగా ఒంటిగది ఇళ్ళుండే మా చాల్ నిండా మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇళ్ళు కట్టడానికి వచ్చిన కూలీల పిల్లలూ మనవలే ఉండేవాళ్ళు. నాన్నదీ తాపీ పనే. మొక్కల తెగుళ్ళ ప్రయోగశాలలో నాకు పని దొరికినప్పుడు అంతస్తంతా పేడా మిఠాయిలు పంచుకున్నాం కానీ, అక్కడ నేను చేసేదేమిటని ఎవరూ అడగలేదు.

ఆ వానాకాలం ఎదురుగది అక్క కొడుకు జ్వరంతో పడ్డాడు. మందులు వేసినా తగ్గలేదు. నేను వైరస్‌లు ముట్టుకుంటానన్న మాట ఎలాగో పాకింది. ఉదయం నీళ్ళకు వెళ్తే, అందరికీ ఒక్కటే అయిన నల్లా దగ్గర ఆడవాళ్ళు బిందెలు వెనక్కి లాక్కున్నారు.

"నువ్వు నల్లా ముట్టకు చెల్లె" అంది అక్క, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

నాన్న ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "ఇంతమందిల ఉండాలె బిడ్డా. నౌకరీ ఇడిసిపెట్టు."

మర్నాడు నల్లా దగ్గరే నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో నేర్చుకున్నది తెలుగులో చెప్పడం నాకదే మొదలు. వైరస్ అంటే ప్రొటీన్ తొడుగు కప్పుకున్న ఆర్‌ఎన్‌ఏ అనే సన్నటి పోగనీ, పేనుబంక పురుగు మూతి వెంట ఆకులోకి చేరాక ఆ తొడుగు ఊడిపోతుందనీ, పోగులో ఉన్నదాన్ని ఆకు కణం తన పనే అనుకుని చదివి ప్రొటీన్లు తయారు చేస్తుందనీ, వాటిలో ఒకటి పోగుకు ఎదురు అచ్చు తీసి, ఆ అచ్చు నుంచి మళ్ళీ అసలు పోగుల్ని కుప్పలుగా తీస్తుందనీ, తొడుగు ప్రొటీన్లు ఒక్కో పోగు చుట్టూ మెలికలుగా పేర్చుకుంటే కొత్త వైరస్‌లు తయారవుతాయనీ చెప్పాను. ఇదంతా మొక్కలోనే జరుగుతుంది, మన ఒంట్లో జరగదు, వలయాల మచ్చలున్న బొప్పాయి తిన్నవాళ్ళందరూ ఆ వైరస్‌నూ తింటూనే ఉన్నారు అన్నాను.

"జరగదని నీకెట్ల ఎరుక?" అంది అక్క.

అది విని మా నాయనమ్మ ఇంట్లోకి వెళ్ళి, నాగ్‌పాడా బజారులో కొన్న మచ్చల బొప్పాయిని కోసుకొచ్చి, నల్లా గట్టు మీద కూర్చుని తినసాగింది.

"నాకు జరమొస్తే దీని నౌకరీ నేనే మాన్పిస్త" అంది నింపాదిగా.

అందరూ చూస్తుండగా కాయంతా తిన్నది. ఆమెకేమీ కాలేదు. పిల్లవాడిది టైఫాయిడ్ అని డాక్టరు తేల్చాడు, మెల్లగా కోలుకున్నాడు. తరువాత ఒక మధ్యాహ్నం అక్క మా గడపలో వచ్చి కూర్చుంది.

"తొడుగు ఊడినంక ఏమైతదంటివి? మల్లొక్కసారి చెప్పు" అంది.

చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

ఇప్పుడు ఆ చాల్ లేదు. మహమ్మారి తరువాత ఆర్‌ఎన్‌ఏ అన్న మాట తెలియనివాళ్ళూ లేరు. తమ్ముడి మనవరాలు కాలేజీలో ఇదే చదువుతోంది, ఆమెకు నాకంటే ఎంతో ఎక్కువ తెలుసు. నేను తెలుగులో మొదలుపెడితే నవ్వి మరాఠీలో జవాబిస్తుంది. పోగు, తొడుగు, ఎదురు అచ్చు అని ఆనాడు నేను కూర్చుకున్న మాటలు అక్క ఉన్నంతకాలం మా ఇద్దరికి అర్థమయ్యేవి.