ఉప్పు చూడమన్న అక్క

అక్క పోయిందని బావగారు ఫోన్ చేసిన పొద్దున్న నేను మా ఆయనకి ఇడ్లీ పెడుతున్నాను. "మీ అక్క లేవట్లేదమ్మా" అన్నారు ముందు. ఆ తరవాత ఆయన గొంతు వినపడలేదు. వెనకాల ఎవరో "డాక్టరు గారు చూసేశారండి, నిద్రలోనే గుండె ఆగిపోయిందంట" అంటున్నారు. మా ఆయన పళ్ళెం పక్కకి నెట్టి, చెయ్యయినా కడుక్కోకుండా గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన అలా ఏడవటం నేను చూడలేదు. కన్నతల్లి పోయినప్పుడు కూడా చూడలేదు. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన రాయటానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. నేను పోతే ఈయన ఇంతలా ఏడుస్తారా అనుకున్నాను.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. తోడికోడలు, మా బావగారి భార్య. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో, కాలవ పక్కన, ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి చేపల భోజనం పెట్టిన మనిషి. ఆ హోటల్‌కి ఇప్పటికీ బోర్డు లేదు. మీలో కొందరు అక్కడ తినే ఉంటారు. బల్ల ఖాళీ అయ్యేదాకా ఎండలో నిలబడి తిని, ఇంటికెళ్ళి చేతులు వాసన చూసుకునే ఉంటారు. జ్ఞాపకార్థ కూడికలో అందరూ లేచి ఆమె మంచితనం గురించి చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు లేవలేకపోయాను. ఎందుకంటే ఆమె గురించి నేను చెప్పాల్సినదంతా నా అసూయ గురించే.

నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చేసరికి నాకు బి.ఎడ్. ఉంది, టీచరు ఉద్యోగం ఉంది. ఆమె చదువు అయిదో తరగతి. ఈ లెక్కన నేనే ఒక మెట్టు పైన ఉంటాననుకున్నాను. పెళ్ళయిన నెలలోపే ఆ అనుకోవడం అయిపోయింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నా చేత్తో మొదటిసారి చేపల పులుసు పెట్టాను. ముక్కలు చితికిపోయాయి గానీ పులుసు బాగానే కుదిరిందనిపించింది. మా ఆయన అన్నం కలుపుకుంటూ, చాలా మామూలుగా, "వదినని ఒకసారి అడగకపోయావా?" అన్నారు. అంతే. ఆయన ఆ మాట అన్నట్టు ఆయనకే గుర్తులేదు. నాకు ఇప్పటికీ ఆ ఆదివారం వేసుకున్న చీర రంగుతో సహా గుర్తుంది.

ఆమెకి నా మీద పెద్దరికం చూపించాలని ఎప్పుడూ లేదు. "గరిటె పెట్టకు చెల్లాయ్, ముక్క చితికిపోద్ది. గుడ్డతో మట్టి దాక అంచులు పట్టుకుని తిప్పు" అని చెప్పింది. చెప్పి, తిప్పి చూపించింది. నేను "నాకు తెలుసులే అక్కా" అన్నాను. తెలియదు. ఇంటికొచ్చి తలుపేసుకుని అలాగే తిప్పాను.

రొయ్యల చెరువుకి తెగులొచ్చి బావగారి పని ఆగిపోయాక ఆమె ముందు గది తెరిచింది. మొదట్లో లారీ డ్రైవర్లు, కొబ్బరి దింపుడువాళ్ళు వచ్చేవారు. తరవాత బ్యాంకుల వాళ్ళు, ఆ తరవాత భీమవరం నుంచి, రాజమండ్రి నుంచి కార్లు. పండుగప్ప పులుసు, చింతచిగురు రొయ్యలు, నెత్తళ్ళ వేపుడు. రోజుకి ఈ మూడు రకాలే. నాలుగోది అడిగితే "ఇంతే వచ్చండి నాకు" అనేది. వంటింటి కిటికీలోంచి ఆమె వచ్చినవాళ్ళ మొహాలు చూసేది. ఎవరు ఎండలో పడి వచ్చారు, ఎవరు ముసలివాళ్ళు, ఎవరికి ముల్లు తీసుకోవటం చేతకాదు, అన్నీ చూసి ముక్క వేసేది. తలకాయ కొందరికి, తోక కొందరికి, మధ్య ముక్క పిల్లలున్నవాళ్ళకి. "ఎవరు తింటారో చూడకుండా నేను వడ్డించలేను చెల్లాయ్, చెయ్యి ఆడదు" అనేది.

కొత్తగా వచ్చిన మా హెడ్మాస్టరుగారు ఒకరోజు స్టాఫ్ రూముకి పరుగెత్తుకొచ్చినట్టు వచ్చి, "మీరు ఆ కాలవ పక్క హోటల్ ఆవిడ తోడికోడలాండీ? ముందే చెప్పలేదేంటండి!" అన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళు పాఠం చెప్పాను. ఆ రోజు నుంచి నేను హోటల్ ఆవిడ తోడికోడలిని. నా రిటైర్‌మెంట్ రోజున భోజనాలు కూడా అక్కడి నుంచే తెప్పించారు. నా గురించి మాట్లాడటానికి లేచిన లెక్కల మాస్టారు, నా క్రమశిక్షణ గురించి రెండు ముక్కలు చెప్పి, "ఇక ఈ రొయ్యల గురించి ఏం చెప్పమంటారండి" అని కూర్చున్నారు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నా శాలువా కప్పుకుని నేనూ నవ్వాను. ఆమె గుమ్మం దగ్గర గిన్నెలు సర్దుకుంటూ, నా వైపు చూసి తల దించుకుంది. నా రోజుని తను తీసేసుకుందని ఆమెకే తెలిసింది, ఇంకెవరికీ తెలియలేదు. అందుకూ కోపం వచ్చింది నాకు.

ఆ మరుసటి ఏడు ఆమెకి ఒక జ్వరం వచ్చింది. పది రోజులకి తగ్గింది. జ్వరంతో పాటు నోటి రుచి కూడా పోయింది. వాసన కొంచెం తిరిగొచ్చింది గానీ ఉప్పు, పులుపు, కారం, ఏదీ తెలియటం లేదు. బావగారికి కూడా చెప్పకుండా నన్ను పిలిపించింది. వంటింట్లో ఆమెకి సాయం చేసే మార్తమ్మని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"రోజూ పదింటికి వచ్చి ఉప్పు చూసి వెళ్తావా చెల్లాయ్?"

"నేనెందుకక్కా? మార్తమ్మ ఉందిగా."

"మార్తమ్మ మొహమాటపడద్ది. మీ బావగారు ఏది పెట్టినా బాగుందంటారు. ఈ ముప్ఫై ఏళ్ళలో నా వంట బాగుందని ఒక్కసారి కూడా అననిది నువ్వే. అందుకే అడుగుతున్నా."

నవ్వుతూనే అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మర్నాడు నుంచి పదింటికి వెళ్ళటం మొదలుపెట్టాను. గరిటెతో కొంచెం పులుసు తీసి నా అరచేతిలో పోసేది. నేను నాలికకి రాసుకుని "ఉప్పు చాలదు", "పులుపు ఎక్కువైంది" అనేదాన్ని. తప్పులు దిద్దటం నా వృత్తేగా. ఆమె నా మొహంలోకే చూస్తూ నిలబడేది, ఫలితాల కాగితం ముందు నిలబడ్డ పిల్లలాగా. ఆ చూపు నాకు ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అలా ఏడాది గడిచింది. ఒక రెండో శనివారం మా ఆయన పాత ఆఫీసు స్నేహితులు నలుగురు వస్తామన్నారు. నేను రెండు రోజుల ముందు నుంచీ ఏం వండాలో అనుకుంటున్నాను. ఆయన పేపరు మడుస్తూ, "నీకెందుకు శ్రమ, వదినకి చెప్పేశాను" అన్నారు.

ఆ శనివారం పదింటికి ఆమె నా అరచేతిలో పోసిన పులుసు ఉప్పుకషాయంలా ఉంది. మార్తమ్మ ఒకసారి వేసినట్టుంది, తెలియక ఈమె ఇంకోసారి వేసింది. ఇంకా టైముంది. నీళ్ళు, చింతపండు పులుసు పోసి సరిచెయ్యొచ్చు. ఆమె నా మొహంలోకి చూస్తోంది.

"బాగుందక్కా" అన్నాను.

ఆమె గరిటె కింద పెట్టింది. "బాగుందా?" అంది.

"ఆ, బాగుంది. దింపెయ్."

పన్నెండున్నరకి అన్ని బల్లలూ నిండాయి. మా ఆయన స్నేహితుల్లో పెద్దాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. మర్యాదస్తుడు, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. పక్క బల్లవాళ్ళు కూడా గ్లాసులు అందుకున్నారు. కిటికీలోంచి అక్క చూసింది. చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. వచ్చినవాళ్ళ ముందు ఆమె నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"క్షమించాలండి. ఏడాది నుంచి నా నోటికి రుచి తెలియటం లేదు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదేనండి. వేపుడూ, చారూ ఉన్నాయి, అవి వేస్తాను, తినండి."

నా పేరు ఎత్తలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూడను కూడా చూడలేదు. బావగారు కౌంటరు దగ్గర నోరు తెరుచుకుని ఉండిపోయారు. ఇంటికి వచ్చే దారిలో మా ఆయన, "రోజూ అక్కడికి వెళ్తావుగా, పాపం వదినకి ఇలా అయిందని నీకు తెలియలేదా?" అన్నారు. "తెలియలేదండి" అన్నాను. ఒకే రోజున రెండో అబద్ధం. ఆయనకి నిజం ఇంతవరకూ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మర్నాడు చర్చికి ఒంట్లో బాగాలేదని మానేశాను. సోమవారం పదింటికి వెళ్ళలేదు. పదింపావుకి ఆమే వచ్చింది, కాలవగట్టు మీద నడుచుకుంటూ, కొంగు చాటున స్టీలు గిన్నెతో. కూర్చోలేదు. గిన్నె మూత తీసి, "చూడు" అంది.

నా చెయ్యి ముందుకి రాలేదు. "అక్కా, మొన్న..." అన్నాను.

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు బాగుందన్నప్పుడే అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అనలేదుగా."

"మరి ఎందుకు దింపేశావు? మార్తమ్మని అడగొచ్చుగా!"

ఆమె గిన్నె వైపు చూస్తూ చెప్పింది. "నమ్మాలనిపించింది చెల్లాయ్. నీ నోట ఆ మాట వినాలని ఎప్పటి నుంచో ఉంది. విన్నాక, అబద్ధమేమోనని తేల్చుకోబుద్ధి కాలేదు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "పులుసు చల్లారిపోతోంది, అక్కడ జనం వచ్చేస్తారు" అని గిన్నె ఇంకొంచెం ముందుకి పెట్టింది. చూశాను. "ఉప్పు చాలదు" అన్నాను. "ఎంత?" అంది. చెప్పాను. గిన్నె కొంగు చాటున పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఆ సంగతి తెలిసి కొన్నాళ్ళు జనం పలచబడ్డారు. తరవాత వాళ్ళే వచ్చారు. "ఇవాళ ఉప్పు ఎవరు చూశారండి?" అని సరదాగా అడిగేవాళ్ళు. ఆమె వంటింట్లోంచే గట్టిగా, "మా చెల్లెలండి, టీచరుగారు! తప్పు ఉంటే వదిలే మనిషి కాదు!" అనేది. నన్ను చూపించి గర్వపడేది. అంత జరిగాక కూడా. ఇలాంటి మనసు ఈమెకి ఎక్కడి నుంచి వచ్చింది, నాకు ఎందుకు రాలేదు అని అప్పుడు కొత్త అసూయ మొదలైంది. వంట మీద అసూయ అయితే దాక తిప్పటం నేర్చుకోవచ్చు. దీనికి ఏం నేర్చుకోవాలో నాకు తెలియలేదు.

ఇంకో రెండేళ్ళు వెళ్ళాను. వర్షం వచ్చినా, మోకాళ్ళు నొప్పి పుట్టినా మానలేదు. ఆఖరి రోజు దాకా ఒక్క అబద్ధమూ చెప్పలేదు. అయితే 'బాగుంది' అన్న మాట మళ్ళీ అనలేదు కూడా. ఒకసారి అబద్ధానికి వాడేసిన మాటని మళ్ళీ ఆమె ముందు పెట్టటానికి నోరు రాలేదు. నిజంగా అమృతంలా ఉన్న రోజున కూడా "సరే, దింపు" అని ఊరుకున్నాను. ఆమె పోయేముందు రోజు మామిడికాయ వేసి పండుగప్ప పులుసు పెట్టింది. అరచేతిలో పోసింది. నాలికకి రాసుకున్నాను. "ఇంకొంచెం పొయ్యి" అన్నాను.

"ఏం, ఉప్పు తెలియలేదా?"

"తెలియలేదు."

పోసింది. ఆమె మొహంలో నవ్వు కనపడకుండా పొయ్యి వైపు తిరిగింది. అదే నేను ఆమెని ఆఖరిసారి చూడటం.

సమాధుల తోటకి ఎంతమంది వచ్చారో నేను చూస్తూనే ఉన్నాను. నరసాపురం రేవు నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు, లారీలు రోడ్డు పక్కన ఆపుకుని డ్రైవర్లు వచ్చారు, ఏ ఊరివాళ్ళో తెలియనివాళ్ళు వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను కళ్ళు తెరిచే ఉన్నాను.

పదిహేను రోజులకి బావగారు హోటల్ మళ్ళీ తెరిచారు. మార్తమ్మ వండుతోంది. మొన్న గురువారం నేను పదింటికి కాకుండా ఒంటిగంటకి వెళ్ళాను. వంటింట్లోకి వెళ్ళలేదు. అందరితో పాటు ఎండలో నిలబడి, నా వంతు వచ్చాక గోడ వైపు బల్ల దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ గదిలో కూర్చుని భోజనం చెయ్యటం అదే మొదలు. నా ఎదురుగా తణుకు నుంచి వచ్చిన దంపతులు, వాళ్ళ చిన్నపాప. ఆ తల్లి ముక్కలో ముళ్ళు ఏరి, ఉత్త కండ చిన్నచిన్న ముద్దలుగా పళ్ళెం అంచున పెడుతోంది. పాప గోడ మీద బల్లిని చూస్తూనే ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటోంది.

"ఈ హోటల్ ఆవిడ పోయారంటండి, మీకు తెలుసా?" అని అడిగిందా అమ్మాయి నన్ను.

"తెలుసండి."

"ఆవిడ ఉండగా ఎప్పుడైనా తిన్నారా?"

నేను జవాబు చెప్పేలోపు మార్తమ్మ వచ్చి అన్నం వేసింది. నన్ను చూసి, నాకు తలకాయ ముక్క వేసి వెళ్ళింది. మెల్లగా తిన్నాను. పాప వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లో ఇంకెవరో వచ్చి కూర్చున్నారు, వాళ్ళూ లేచారు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు తలలు లోపలికి పెట్టి నా ఖాళీ పళ్ళెం వైపు చూస్తున్నారు, ఎప్పుడు లేస్తుందా అని. బావగారు కౌంటరు దగ్గర నుంచి చూసి మొహం తిప్పుకున్నారు. నా చెయ్యి ఎండిపోయింది. నేను లేవలేదు.