నేను దొంగాట ఆడలేదని తేలిన రోజు

ఆ రోజుల్లో నన్ను ఎవరైనా దేనికైనా అనుమానించారంటే ముందు నాకే ఆశ్చర్యం వేసేది. అనుమానించడానికైనా మనిషిలో కాస్త పనితనం కనబడాలి కదా. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా వన్ టౌన్‌లో మా మావయ్య డీటీపీ షాపులో పెళ్లిపత్రికలు టైపు చేస్తుండేవాణ్ణి. పని లేనప్పుడు అదే కంప్యూటర్లో నన్ను తుపాకుల ఆట ఆడుకోనిచ్చేవాడు. (ఫ్లెక్సీల డిజైను కోసం కొన్న ఖరీదైన కంప్యూటరది. దాని అసలు ప్రతిభ నాకొక్కడికే తెలుసని నా నమ్మకం.) మావయ్య కొడుకు, అంటే మా బావ, పెందుర్తిలో ఓ జట్టు కట్టి, అక్కడి గేమింగ్ సెంటర్ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టిన పోటీలో సెమీఫైనల్ దాకా లాక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే జట్టులో ఒకడికి డ్యూటీ షిఫ్టు మారింది. చుట్టాల్లో ఖాళీగా ఉన్నవాణ్ణి నేనే కాబట్టి నన్ను చేర్చుకున్నాడు. నేను గురిపెట్టి గోడను కొట్టాలన్నా గోడ కాస్త సహకరించాలి. అయినా బావ పెద్దమనసుతో, "నువ్వు ఊరికే నిలబడు సాలు, తలకాయల లెక్క సరిపోతాది" అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఆట. పొద్దున్న ప్రాక్టీసుకి కూర్చుంటే, తెరుచుకున్న కాసేపటికే ఆట నన్ను బయటికి గెంటేసింది. దొంగాట ఆడేవాళ్లను పట్టుకోవడానికి ఆటతో పాటే వచ్చి, ఆ వారమే కొత్తగా అప్‌డేట్ అయిన యాంటీ చీట్, నా కంప్యూటర్లో అనుమానాస్పదమైన ఫైలుందని తేల్చేసింది. పోటీలో గనక ఇలా గెంటితే జట్టు మొత్తం ఔటు. బావ ఫోన్ చేశాడు.

"ఏటెట్టావు బావా అందులో?"

"నాను ఏటీ ఎట్టలేదు బావా."

"మరి దానికి నీమీద పగేటి? నిజం సెప్పు, నానెవలికీ సెప్పను."

ఆ చివరి మాటకి ఏడుపొచ్చినంత పనైంది. (లోపల ఓ మూల చిన్న గర్వం కూడా కలిగింది. దొంగాట ఆడేంత తెలివి నాకుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.) ఆట ఫైళ్లన్నీ సరిచూశాను. తీసేసి మళ్లీ ఎక్కించాను. విండోస్ అప్‌డేట్ చేశాను. మావయ్య వచ్చి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. ప్రింటరుకైనా ఫ్రిజ్జుకైనా ఆయన చేసే వైద్యం అదొక్కటే. దేనికీ లొంగలేదు. చివరికి, మొదటే చెయ్యాల్సిన పని చేశాను: గెంటేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో వచ్చే ఫైలు పేరు చదివాను. అది మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ది. కంప్యూటరు వెయ్యగానే తనూ లేచి కూర్చుని, ఏ మీట నొక్కినా మధ్యలో అందుకుని తెలుగు అక్షరంగా మార్చడం దాని పని. యాంటీ చీట్ కళ్లకి అది మీటలు లాక్కుంటున్న దొంగలా కనబడింది. సంగతి చెప్తే మావయ్య ఉడుక్కున్నాడు.

"ఊరందరికీ పెళ్లిళ్లు సేసిన సాఫ్టువేరురా అది. దాన్ని దొంగంటాదేటి?"

తీసేయక్కర్లేదు, ఆట అయ్యేదాకా ఆపి ఉంచితే చాలు. కానీ పెళ్లిళ్ల సీజను. సాయంత్రం సరిగ్గా ఆట వేళకి హార్బరు వైపు నుంచి ఓ పెళ్లికూతురి తండ్రి పత్రికలో మార్పులు చేయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. మావయ్య నా మొహం చూశాడు. ఆయన్ని చూశాడు. "మిషను వేడెక్కిపోనాది బాబూ, అలా టీ తాగొద్దాం రండి" అని ఆయన్ని భుజం పట్టి లేపి తీసుకుపోయాడు. బేరం కూర్చుని ఉండగా మావయ్య పని ఆపడం నేను చూడటం అదే మొదలు. ఆ మనిషంటే నాకు ఎంత ఇష్టమో ఆ నిమిషాన తెలిసింది.

సాఫ్ట్‌వేర్ ఆపి ఆట తెరిచాను. గెంటలేదు. ఆ సంతోషంలో ముందుకు పరిగెత్తి, శత్రువుల మీద విసరాల్సిన బాంబుని నా కాళ్ల దగ్గరే వదిలాను. ఆటలో పక్కనే ఉన్న బావా నేనూ కలిసే పోయాం.

"బావా," అన్నాడు హెడ్‌ఫోన్లో, ఎంతో శాంతంగా, "నువ్వు దొంగాట ఆడలేదు. ఎవలడిగినా నాను ఒట్టేసి సెప్తాను."

ఓడిపోయాం. నా పేరు మాత్రం కడిగిన ముత్యమైపోయింది.

ఇప్పుడు పరవాడలో ఉద్యోగం నాది. జాగ్రత్తపరుణ్ణని, తెలివైనవాణ్ణని పేరు కూడా వచ్చింది. ఆ పేరొచ్చాక నేనేం చెప్పినా ఎదుటివాళ్లు నమ్మేముందు ఒకసారి వెనకాముందూ చూసుకుంటున్నారు, బావతో సహా. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. ఒక్క బాంబుతో అందరి నమ్మకమూ సంపాదించేశాడు.