మెడికల్ పాసైనవాడు

మా ఇంట్లో నేను అన్‌ఫిట్, తమ్ముడు ఫిట్. ఈ పేర్లు మేం పెట్టుకున్నవి కావు. తొంభైల్లో మా రాజోలు వైపు గల్ఫ్ వీసా వచ్చినవాళ్ళని హైదరాబాదు తీసుకెళ్ళి, రక్తం, ఎక్స్‌రే తీయించేవారు. దాన్నే మెడికల్ అనేవాళ్ళం. ముందు వీసా వచ్చింది నాకు. చిన్నప్పుడు వచ్చి తగ్గిపోయిన జబ్బేదో ఊపిరితిత్తి మీద మచ్చ వదిలిందట, అది చూసి నన్ను తిప్పి పంపేశారు. ఏజెంటు తెలివైనవాడు, ఇంట్లో ఇంకొకరున్నారా అని అడిగి తమ్ముణ్ణి పట్టుకెళ్ళాడు. వాడు గోదావరి పాయని అటూ ఇటూ ఈదేసే మనిషి, ఇట్టే పాసయ్యాడు. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచింది.

వాడు వెళ్ళాక అక్కడ కూడా వీసా పొడిగించినప్పుడల్లా మెడికల్ ఉండేది. ప్రతిసారీ పాసే. వాడు ఫోనులో ఆ మాట చెప్పగానే అమ్మ వీధంతా చెప్పి వచ్చేది. నేను తుమ్మితే మాత్రం ఇల్లంతా నా వంక చూసేది. కుళ్ళుకున్నాను కూడా, దాచడం ఎందుకు.

పదేళ్ళు తిరిగాక ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు వాడి మొహం నిండుగా ఉంది. ఒళ్ళు చేశాడని చూసినవాళ్ళంతా సంబరపడ్డారు. చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల గాడి అలాగే నిలిచిపోయింది. షేకుగారి పాదాలంటూ నేనే వెక్కిరించాను. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. మన తిండి అలవాటు తప్పిందనుకుని, అమ్మ వాడికిష్టమైన మాగాయ, ఎండుచేపలు మరింత వడ్డించేది. పొద్దున్నే వాంతులవుతుంటే అమలాపురంలో డాక్టరుకి చూపిద్దామన్నాను.

"మెడికల్ పాసైనోడికి జబ్బేంట్రా? ముందు నువ్వు చూపించుకో" అంది అమ్మ.

తమ్ముడు కూడా నవ్వాడు. రోషం వచ్చి నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నలభై రోజులు అలా పోయాయి.

ఓ పొద్దున మెట్లెక్కుతూ ఆయాసంతో కూలబడ్డాడు. అమలాపురంలో చూసి కాకినాడ పంపించారు. రెండు కిడ్నీలూ ఎప్పుడో పాడయ్యాయని అక్కడి డాక్టరు చెప్పారు. నేను నమ్మలేక, ఆ ఏడాదే ఇచ్చిన ఫిట్ కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన విసుక్కోకుండా చదివారు.

"ఈయన వల్ల వాళ్ళకేవైనా అంటుకుంటుందేమోనని చూసేరండీ. ఈయనకేం వచ్చిందో చూడ్డం వాళ్ళ పని కాదు కదండీ" అన్నారు.

పనిలో నీళ్ళు బాగా తాగేవాడివా అని తమ్ముణ్ణి అడిగారు. అప్పుడు చెప్పాడు వాడు. కట్టే మేడల మీద ఎండలో పని, ఒంటేలుకి వెళ్ళాలంటే ఏడంతస్తులు దిగి ఎక్కాలి, మేస్త్రీ అరుస్తాడు, అందుకని దాహమేసినా తాగేవాడు కాదట. అక్కడి వాళ్ళు మధ్యాహ్నం వేళ ఏసీ గదుల్లోంచి బయటికే రారట. పదేళ్ళలో ఒక్క ఉత్తరంలోనూ ఈ మాట రాయలేదు. నేనూ అడగలేదు.

నా కిడ్నీ తీసుకోమన్నాను. ఇవ్వగలనన్న ఆశతో ఆ రెండు రోజులూ నాకు భయం వెయ్యలేదు. పరీక్షలన్నీ చేశారు. కిడ్నీలు బంగారంలా ఉన్నాయి గాని, రక్తం గ్రూపు కలవలేదన్నారు. అమ్మకేమో షుగరు. ఇంక అడగడానికి ఎవరున్నారు?

వార్డులోకి వెళ్ళేసరికి వాడు నా మొహం చూసి కనిపెట్టేశాడు.

"మళ్ళీ అన్‌ఫిట్టేనా అన్నయ్యా?"

నవ్వించాలనే అన్నాడు. వాడి పాదాలు ఒత్తుతూ కూర్చున్నాను. నొక్కిన చోటల్లా గుంట పడి, ఎంతసేపటికీ పూడలేదు.

మళ్ళీ వేసవి దాకా వాడు బతకలేదు. ఆ వీసా నాది, ఆ ఎండ నాది. నా మచ్చ నన్ను కాపాడిందని సంతోషించాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు. పటం వెనక కాగితం తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. వాడికి ఏ జబ్బూ లేదని అందులో రాసుందిగా అంటుంది.