కారు అద్దాలు ఎత్తి విన్న పాట

ఈ రోజు అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో తెలుగు ఆరాధన ముగిశాక నాకు పట్టరాని కోపం వచ్చింది. మేము అద్దెకు వాడుకునే చర్చి నల్లజాతివారిది. దాని తాళాలు మిస్ డోరతీ అనే పెద్దావిడ దగ్గరుంటాయి. ఆమె పుట్టకముందు వాళ్ళ నాన్న గిటార్ మీద బ్లూస్, అంటే నల్లజాతి కూలీల కష్టాల పాటలు, పాడేవారట. ఆయన పాడిన ఒకే ఒక్క రికార్డు కాపీని నెలల తరబడి వెతికి సంపాదించాను. చర్చి హాల్లో ఆ పాట ఫోన్‌లో పెట్టగానే ఆమె, "ఆపు!" అన్నారు.

"మీ నాన్నగారి గొంతండీ!"

"బాప్తిస్మం తీసుకున్న రోజే ఆయన ఆ గిటార్ అమ్మేశారు. మావాళ్ళు సైతాను పాటలనే అవి దేవుడి ఇంట్లో వద్దు."

"కూలీల కష్టం పాడితే పాపమా? చాకిరీ చేయించుకున్నవాళ్ళది కదా పాపం!" అని అరిచాను.

ఆమె లైట్లు ఆర్పి, తలుపుకు తాళం వేశారు.

"అయిందా బాబూ? నీ కారెక్కడ?"

కారెక్కి, అద్దాలు ఎత్తించి, "ఇప్పుడు పెట్టు" అన్నారు. గరగరల మధ్య ఆ గొంతు మొదలవగానే నా చెయ్యి పట్టుకున్నారు. పాట అయ్యేదాకా వదల్లేదు.

"మా పాస్టర్‌కి చెప్పకు" అన్నారు దిగుతూ.

ఆయనకు తెలుగు రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తెలుగు వచ్చిన మీరైనా చెప్పండి, కన్నతండ్రి పాటను కారులో దాక్కుని వినాల్సిన ఖర్మ ఆమెకెందుకు?