మంచు తగలకూడదు

ఐసు పెట్టె మూత తీయగానే ముఖానికి తగిలే చల్లటి ఆవిరికి ఒక వాసన ఉంటుంది. అది చేప వాసనా కాదు, ఉప్పు వాసనా కాదు. రెండూ కలిసి బిగుసుకుపోయిన వాసన. ముప్పైయేళ్ళుగా పొద్దున్నే ఆ వాసన పీల్చి చేపలమ్మే పనిలోకి దిగుతున్నాను. అయినా ఇప్పటికీ కొన్ని రోజులు ఐసు పెళ్ళల మధ్య చెయ్యి పెట్టగానే వేళ్ళు ఆగిపోతాయి. చిటికెన వేలంత గాజు సీసా ఒకటి తగులుతుందేమో అనిపిస్తుంది. ఏమీ తగలదు, చేపలే. కాని ఆ కాస్త సేపట్లో ఎస్తేరు టీచరమ్మ గుర్తుకొస్తారు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె వల్లనే కాబట్టి, ఆమె గురించే రాస్తున్నాను.

ఆమెను నేను మొదట చూసింది శ్రీకాకుళంలో, డయాలసిస్ గదిలో. మా ఆయన ఎర్రయ్య సముద్రం మీద బతికిన మనిషి. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయని తెలిసేసరికి అతని వయసు యాభై దాటలేదు. వారానికి రెండుసార్లు మా ఊరి నుంచి తీసుకొచ్చేదాన్ని. రక్తాన్ని బయటికి తీసి, మిషన్లో కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపడానికి నాలుగు గంటలు పట్టేది. పక్క మంచం టీచరమ్మది. ఆమదాలవలస నుంచి ఒక్కరే ఆటోలో వచ్చేవారు. క్రైస్తవ మిషన్ బడిలో ముప్పైయేళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. తెల్లటి పొందూరు ఖద్దరు చీర, మెడలో ఏమీ లేదు, తలగడ కింద ఒక బైబిలు, ఒక పెన్ను, చీటీల కట్ట. ఎడమ చేతికి గొట్టాలు ఉండేవి. కుడి చేతితో ఆ గదిలో అందరికీ చీటీలు రాసి ఇచ్చేవారు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలి, ఏ పండు తినకూడదు. నర్సులకు అంత తీరిక ఉండేది కాదు.

మెత్తని మనిషేమీ కాదు. దుప్పటి ముడత పడితే ఆయాను కేకలేసేవారు. ఎవరైనా పక్కవాళ్ళ ఇంటి సంగతులు ఎత్తితే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవారు. కాని నా చేపల బుట్ట లోపలికి వచ్చినప్పుడు మాత్రం ఆమె ముక్కు అటే తిరిగేది.

"నూకమ్మా, అందులో ఎండు నెత్తళ్ళు ఉన్నాయి కదూ?"

"ఉన్నాయి టీచరమ్మా. మీకు ఉప్పు కూడదన్నారు గదా?"

"తినేది ఎవరమ్మా? ఓసారి ఇలా పట్టుకురా, వాసన చూసి ఇచ్చేస్తాను."

నేను పొట్లం విప్పి ఆమె ముఖం దగ్గర పట్టుకునేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "ఈ రోజుకు అన్నం తిన్నట్టే" అనేవారు. మా ఆయన నవ్వేవాడు. ఆ రోజుల్లో అతనికి నవ్వడానికి కూడా ఊపిరి కూడదీసుకోవలసి వచ్చేది.

రాష్ట్రం విడదీస్తారని బందులు జరుగుతున్న రోజులవి. బస్సులు నిలిచిపోయాయి. నలుగురితో కలిసి ఆటో మాట్లాడుకుని డయాలసిస్‌కి రావడమే కష్టమైంది. రక్తం పట్టడానికి వారం వారం పొడిచే సూది ఏ వారం తప్పిపోతుందోనని, డాక్టరుగారు నెలకు సరిపడా నాలుగు మందు సీసాలు మా చేతికే ఇచ్చారు. మా ఊరి నర్సమ్మ వారానికి ఒకటి పొడుస్తుంది. వాటిని ఎలా దాచాలో టీచరమ్మ చీటీ రాసి నా చేతిలో పెట్టారు.

"చల్లగా ఉంచాలి నూకమ్మా. మిగతాదంతా ఇందులో రాశాను. సరేనా?"

నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా అలవాటు. బ్యాంకులో, రేషన్ షాపులో, ఆసుపత్రిలో, ఎవరు ఏ కాగితం ఇచ్చినా చూసినట్టు చూసి తల ఊపేదాన్ని. నాకు అక్షరం రాదని బయట ఎవరికీ తెలియదు. చీటీని నాలుగు మడతలు పెట్టి నడుము సంచిలో దాచుకున్నాను.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కాని ఐసు ఉంది. చల్లగా ఉంచమంటే మాకంటే ఎవరికి తెలుసు అనుకున్నాను. వంజరం చేపను రెండు రోజులు కన్ను తెల్లబడకుండా నిలబెట్టే చేతులు నావి. నాలుగు సీసాలనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఐసు పెట్టె అడుగున పెట్టి, పైన చితక్కొట్టిన ఐసు పోసి, ఖరీదైన చేపకు కలిపినట్టే రాళ్ళుప్పు కలిపి గట్టిగా కప్పాను. ఉప్పు కలిపితే ఐసు ఇంకా కరుకుగా చల్లబడుతుంది. మొదటి వారం సీసా తీసి చూస్తే లోపల మందు తెల్లగా గడ్డకట్టి ఉంది. బాగా నిలిచిందని సంతోషించాను. అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించి నర్సమ్మకు ఇచ్చాను. అలా నాలుగు వారాలు చేశాను.

నెల తిరిగేసరికి మా ఆయన పెరటి దాకా కూడా నడవలేకపోయాడు. రెండు అడుగులు వేసి గోడ పట్టుకునేవాడు. పెదవులు పాలిపోయాయి. పడుకుంటే గుండె దడదడలాడుతోందని రాత్రంతా కూర్చునేవాడు. పరీక్ష చేస్తే రక్తం బాగా పడిపోయిందన్నారు. వేరేవాళ్ళ రక్తం ఎక్కించాలన్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గుండె తట్టుకోదని డాక్టరుగారు నాకు చెబుతుంటే పక్క మంచం మీది నుంచి టీచరమ్మ విన్నారు.

"సూదులు సరిగ్గా పొడిచిందా మీ నర్సమ్మ?"

"వారం తప్పకుండా పొడిసినాది టీచరమ్మా."

"మందు ఎక్కడ పెట్టావు?"

"ఐసులోనే. ఉప్పు కూడా కలిపి గట్టిగా కప్పెట్టినాను. రాయిలాగ ఉన్నాది, ఓ సుక్క కూడా పాడవనేదు."

ఆమె ముఖంలో రంగు మారడం చూశాను. "నేనిచ్చిన చీటీ ఏదమ్మా?" అని మెల్లగా అడిగారు. నడుము సంచి విప్పి ఇచ్చాను. మడత నలగలేదు. ఆమె దాన్ని విప్పి చూశారు. తరువాత నాకు మాత్రమే వినబడేలా చదివారు. "చల్లగా ఉంచాలి. మంచు తగలకూడదు. గడ్డకడితే మందు చచ్చిపోతుంది, పారేయాలి."

నాలుగు వారాలు నేను నా మనిషి ఒంట్లోకి చచ్చిన మందు ఎక్కించాను. వరండాలోకి పోయి కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. తరువాత రెండుసార్లు డయాలసిస్‌కి మా ఆయనను మంచం మీద దించి, నేను గేటు బయటే కూర్చున్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను. మూడోసారి ఆయా వచ్చి, "టీచరమ్మ రమ్మంతన్నారు, రాకపోతే గొట్టాలు పీకీసుకుని తనే వస్తారట" అంది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. వెళ్ళాను.

తిడతారనుకున్నాను. "నన్ను క్షమించు నూకమ్మా" అన్నారు. "నువ్వు తల ఊపావు, నేను నమ్మేశాను. ముప్పైయేళ్ళు పిల్లల ముందు నిలబడ్డాను. తల ఊపినవాళ్ళందరికీ అర్థమైనట్టు కాదని నాకంటే ఎవరికి తెలియాలి? అడగాల్సింది. అడగలేదు."

"నాను సెప్పుకోనేదు టీచరమ్మా. సిగ్గేసింది."

"సరే. ఇద్దరం తప్పు చేశాం. వచ్చేటప్పుడు ఒక పలక, రెండు బలపాలు కొనుక్కురా."

అప్పటికి మా ఆయనకు రక్తం ఎక్కించి, కొత్త మందు మొదలుపెట్టారు. ఈసారి సీసాలు ఊరి ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో ఉంచారు. అక్కడికి చేర్చే దారిలో ఐసు తగలకుండా చుట్టుకోమని టీచరమ్మ తన పాత చీర చించి ముక్క ఇచ్చారు. నాలుగు మడతల ఖద్దరు మధ్య సీసా చల్లగా ఉండేది, గడ్డకట్టేది కాదు.

అ ఆలతో ఆమె మొదలుపెట్టలేదు. పలక మీద పెద్దగా 'మంచు' అని రాసి, "నీ శత్రువును ముందు గుర్తుపట్టు" అన్నారు. తరువాత 'మందు' రాశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో చూపించమన్నారు. ఆ చిన్న తేడా పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. మా ఆయన మంచం మీది నుంచి, "ఒసే నూకా, కలెక్టరువి అయిపోతావేటి?" అని ఎగతాళి చేసేవాడు. "అయితే ముందు నీ పింఛను ఆపీసేది అదే" అని టీచరమ్మ మా యాసలోనే అందించేవారు.

ఒకరోజు అతనే అడిగాడు. "టీచరమ్మా, ఈ ఎదవ మూత్రపిండాలకీ నా ఊపిరికీ ఏటి సమ్మందం? ఒడ్డున కూకుంటే అంత గాలి ఉన్నాది. నాకెందుకు సాలదు?"

ఆమె నా చేతిలో పలక తీసుకున్నారు. "ఇటు చూడు ఎర్రయ్యా. నీ ఒంట్లో కోట్ల కణాలున్నాయి. ప్రతి కణం దగ్గరా ఒక పలక ఉందనుకో. 'గాలి చాలడం లేదు' అని అది రాస్తూనే ఉంటుంది, నువ్వు నిద్రపోతున్నా సరే." పలక మీద రాశారు. వెంటనే తడిగుడ్డతో తుడిచారు. మళ్ళీ రాశారు, మళ్ళీ తుడిచారు. "రక్తం తెచ్చే ప్రాణవాయువు చాలినంత ఉందనుకో, అదే తడిగుడ్డ. రాసింది రాసినట్టు చెరిపేస్తుంది. అది తగ్గిందనుకో, చెరిపే చెయ్యి ఆగిపోతుంది." ఈసారి రాసి, గుడ్డ పక్కన పెట్టేశారు. "రాత మిగిలిపోతుంది. ఆ మిగిలిన రాత చూసే కణం తన పద్ధతి మార్చుకుంటుంది. ఉన్న కాస్త గాలితో ఎలా బతకాలో చూసుకుంటుంది. కొత్త రక్తనాళాలు వేయించుకుంటుంది. మూత్రపిండంలో కణాలు ఇంకో పని కూడా చేస్తాయి. ఎర్రరక్తం ఇంకా తయారు చెయ్యమని ఎముకల్లో మూలుగకు కబురు పంపుతాయి. గాలిని మోసేది ఆ రక్తమే కదా. నీ మూత్రపిండాలు పాడయ్యాయి. గాలి చాలడం లేదు, కాని కబురు పంపేవాళ్ళు లేరు. ఈ సీసాలో ఉన్నది ఆ కబురే."

మా ఆయన పలక మీద మిగిలిన రాత వైపు చూశాడు. "అయితే ఆ నెలంతా మా ఆడది కబురుని సంపీసినాదన్నమాట."

నేను తల దించుకున్నాను. "కాదు" అన్నారు టీచరమ్మ, గొంతు పెంచి. "నేను చీటీలో రాసిన కబురు తనదాకా చేరలేదు. లేదని చెప్పుకోవడం కణానికి తెలుసు ఎర్రయ్యా. మనిషికే చేతకాదు. నాకు రాదు అని నీ భార్య రాసుకున్న ప్రతిసారీ తనే తుడిచేసుకుంది." అతను మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రెండేళ్ళు అలా సాగింది. నేను చీటీలు చదవడం, ఆ తరువాత రాయడం నేర్చుకున్నాను. చేప చుట్టడానికి తెచ్చుకున్న పాత పేపర్లు చదివే చుట్టేదాన్ని. అదే రెండేళ్ళలో చక్కెర జబ్బు టీచరమ్మ కళ్ళను మెల్లగా తినేసింది. ముందు బైబిలు ముఖానికి దగ్గరగా జరిగింది. తరువాత మూతపడి తలగడ కిందే ఉండిపోయింది. చీటీలు ఆమె చెబుతుంటే నేను రాసేదాన్ని. నా అక్షరాలు పీతలు నడిచినట్టు ఉండేవి. "పరవాలేదు, పీత కూడా ఇంటికి చేరుతుంది" అనేవారు.

ఒక గురువారం ఆమె పరీక్షల కాగితం వచ్చింది. నర్సు దాన్ని మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె తడిమి అందుకుని నాకు ఇచ్చారు. "చదువమ్మా."

అంకెలు నాకు వచ్చు. ఏ అంకె ఎంత ఉండాలో కూడా ఆమే నేర్పారు. రక్తం దగ్గర ఉన్న అంకె బాగా పడిపోయి ఉంది. మందు బాగానే ఉన్నా, వారం తప్పకుండా పొడుస్తున్నా, ఆమె ఒళ్ళు ఆ కబురు వినడం మానేసింది. "బాగానే ఉన్నాది టీచరమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు. చల్లగా ఉంది ఆ చెయ్యి. "తడిగుడ్డ పక్కన పెట్టు నూకమ్మా. ఉన్నది ఉన్నట్టు చదువు."

చదివాను. ఒక్కొక్క వరుసా, పేరు, అంకె, ఏదీ వదలకుండా. ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. చివరికి, "ఒత్తులు ఎక్కడా తప్పలేదు" అన్నారు. ఆ తరువాత నెత్తళ్ళ వాసన చూపించమని అడిగారు. ఆ వచ్చే సోమవారం ఆమె మంచం ఖాళీ. ఉతికిన దుప్పటి పరిచి ఉంది, ఒక్క ముడత లేకుండా.

మా ఆయన ఇంకా ఉన్నాడు. వారానికి రెండుసార్లు అదే గదికి వస్తాం. కాస్త నడుస్తాడు, ఒడ్డుకు పోయి పడవలు లెక్కపెట్టి వస్తాడు. ఖద్దరు ముక్క ఉతికి ఉతికి పలచబడింది. దారిలో సీసా ఇప్పటికీ అందులోనే ఉంటుంది.

మొన్న ఉద్దానం వైపు నుంచి ఒక కొత్త మనిషి వచ్చింది. ముప్పైయేళ్ళు ఉంటాయేమో. భర్తను మంచం మీద పడుకోబెట్టి వరండాలో నా పక్కన కూర్చుంది. ఒళ్ళో సీసాల పెట్టె ఉంది. నర్సు గబగబా ఏదో చెప్పి, ఆమె చేతిలో చీటీ పెట్టి, "అర్థమైందా?" అంది. ఆమె తల ఊపింది. చీటీని నాలుగు మడతలు పెట్టింది.

ఆ తల ఊపు నాకు తెలుసు. చదవడం వచ్చా అని అడిగితే వచ్చు అంటుందని కూడా తెలుసు. అందుకని అడగలేదు. అటు చూడకుండా, నా మాట చెప్పాను.

"నలబై దాటేదాకా నాకు అచ్చరం రానేదమ్మా. ఓ పాలి ఈ మందుని ఐసులో కప్పెట్టి సంపీసినాను. మా ఆయన సచ్చి బతికినాడు."

లోపల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆమె మడతలు ఒక్కొక్కటీ విప్పి, చీటీని బల్ల మీద నా వైపు జరిపింది.

"ఇందులో ఏటి రాసినారో సెప్పవా అత్తా?"