ఆగయ్య దారం, నా జీపు

ఆగయ్య చేతికి దారం దొరక్కూడదు. దొరికిందా, ఎదురుగా ఏది ఉంటే దానికి చుట్టేస్తాడు. కొసకు చిన్న స్ప్రింగు కాటా తగిలించి మెల్లగా లాగుతాడు. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, పెదవి విరిచి, "జర వదులుంది" అంటాడు. కాకపోతే "మస్తు బిగిసింది" అంటాడు. "బరాబరుంది" అన్న మాట ఆయన నోట విన్నవాళ్ళు సూరత్‌లో ఎవరైనా ఉంటే వాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలి.

బతుకుతెరువుకు సూరత్ వచ్చిన ఆయన మొదట మరమగ్గాల ఫిట్టరు. మగ్గాల్ని అక్కడ సాంచాలంటారు. పడుగు మీద వేలితో తట్టి ఎంత బిగువుందో చెప్పేవాడట. తరవాత ఊరి చివర ఉన్ అనే పేటలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని జీపుల మెకానిక్ అయ్యాడు. సాంచాలు వదిలాడు గానీ దారం వదల్లేదు. జనం చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటారు. ఈయన జేబులోంచి కాటా కొక్కెం బయటికి వేలాడుతూ ఉంటుంది.

ఒకసారి ఆయన పన్ను కదిలింది. డాక్టరు దగ్గరికి పొమ్మంటే వినలేదు. పంటికి దారం కట్టి, కాటా తగిలించి, అద్దం ముందు నిలబడి తానే లాగాడు. పన్ను ఊడింది. కానీ ఆ క్షణంలో కళ్ళు మూతపడి ముల్లు ఎక్కడుందో చూడలేకపోయాడు. దానికి వారం పాటు కుమిలాడు. "ఇంకోటి కదిలితే చూద్దాంలే" అని నేను ఓదార్చాల్సి వచ్చింది.

పెళ్ళిళ్ళకు పిలిస్తే ఇంకా ప్రమాదం. వధూవరుల మీద అక్షింతలు వేసి ఊరుకోడు.

"మొగడు పెండ్లాలంటే గేర్‌బాక్సుల రెండు బేరింగుల లెక్క. నడుమ జర ప్రీలోడ్, అంటే బిగువు, ఉండాలె. మొత్తానికే వదిలిపెడితే లొడలొడ అంటది. గట్టిగ బిగిస్తే కాలిపోతది. సమజయిందా బిడ్డా?"

పెళ్ళికొడుకు బిక్కమొహం వేస్తాడు. పక్కనుంచి ఆగయ్య భార్య విజయరాణి అందుకుంటుంది. "మా ఇంట్లయితే ఏనాడు వదులు కాలె. ఈయననే లొడలొడ అంటడు."

ఇక నా సంగతి. నేను సూరత్ శివార్లలో ఇచ్ఛాపూర్ దాటాక ఒక కట్టుబడి సైటులో సేఫ్టీ ఆఫీసర్ని. నాకో పాత జీపుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలాన్ని పంచే పెట్టె ఒకటి ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ గేర్‌బాక్స్ అంటారు. అది పోయింది. ఫోర్ వీల్ లివరు వేస్తే చాలు, లోపల గుర్రుమనేది, లివరు టపీమని బయటికొచ్చేది. ఈ వానల్లోనే డాంగ్ కొండల్లో మా జీపుల బృందం యాత్ర. మా ఆఫీసు క్రాంతి కొత్త జీపు కొని, "మీ తాతగారి బండి కొండెక్కుతుందా సార్?" అని నలుగురిలో అన్నాడు. నా పరువంతా ఆ పెట్టెలోనే ఉందన్నమాట.

ఆగయ్య పెట్టె దించి, పళ్ళెంలో పప్పు ఏరినట్టు భాగాలన్నీ ఏరాడు. బేరింగులు గరుకెక్కిపోయాయి. కొత్తవి వేశాడు. పల్చటి రేకు వాషర్లు, షిమ్ములంటారు, వాటిని తీస్తూ, పెడుతూ, బిగిస్తూ కూర్చున్నాడు. ప్రతిసారీ షాఫ్టుకు దారం చుట్టి కాటాతో లాగడం. షాఫ్టు కదిలి తిరిగేటప్పుడు ముల్లు ఎంత చూపిస్తే బేరింగు మీద అంత బిగింపు ఉన్నట్టు.

"నైలాన్ దారం ఉంది కదయ్యా, గట్టిగా ఉంటుంది."

"నైలాన్ సాగుతది సార్, అబద్ధం జెప్తది. నూలు దారం సాగదు."

నేను స్టూలు మీద కూర్చుని కబుర్లలో పడ్డాను. మా సైటులో కూలీలకు మధ్యాహ్నం అన్నం పంపే పద్మారాణి గురించి చెప్పాను. ఆవిడది ఆగయ్య గల్లీయే. వానలకు సైటు రోడ్డు బురదగుంట అయింది. ఆవిడ టెంపో దిగబడుతోంది. కాంట్రాక్టరు నా ఎదుటే అన్నాడు, "ఇంకొక్క పూట అన్నం ఆలస్యమైతే వేరేవాళ్ళను పెట్టుకుంటా" అని. ఆవిడ వంటింట్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ పొయ్యి ఆరిపోయినట్టే.

"తొవ్వ గంత ఖరాబుందా సార్? టెంపో పోనే పోదా?"

"పోదు. జీపులాంటిది ఉండాలి."

ఆగయ్య మళ్ళీ దారం లాగాడు. ముల్లు మాన్యువల్లో చెప్పిన గీతల మధ్య, నా కళ్ళెదుటే, ఠక్కున ఆగింది. ఆయన నోరు తెరిచాడు. నేను చెవులు రిక్కించాను. ఆ మహత్తర వాక్యం ఇప్పుడొస్తుంది! ఆయన నోరు మూసేశాడు.

"జర డౌటుంది సార్. కొత్త బేరింగులు గద, బురదల తిరిగితే కూసుంటయి. ట్రయల్ చూస్త. అటెన్క మళ్ళ లాగి చూద్దాం."

ఆ ట్రయల్ మొదలైంది, అంతే. రోజూ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఫోన్ చేసేవాణ్ణి.

"ఆగయ్యా, బండి?"

"ట్రయల్ల ఉంది సార్."

"యాత్ర దగ్గరపడుతోందయ్యా!"

"తొందరపడితే బేరింగు కాలుతది సార్. ధీరజ్ రఖో."

కోపంతో నా నోట్లోంచి మెతుకులు ఎగిరేవి. ఆ భోజనం మాత్రం అమృతం. పద్మారాణి డబ్బా నేరుగా నా గదికే వచ్చేది. అందరికీ ఒక గుడ్డు, నాకు రెండు. పైన వేడివేడి సర్వపిండి ముక్క. హోదాకు దక్కే మర్యాద ఇలాగే ఉంటుందని మీసం దువ్వుకునేవాణ్ణి. ఆ బురదలో అన్నం వేళకు ఎలా వస్తోందన్న ప్రశ్న నాకు తట్టలేదు. గుడ్డు నోట్లో ఉండగా ప్రశ్నలు తట్టవు.

యాత్రకు ముందురోజు మళ్ళీ ఫోన్ చేశాను. ఆయన "ట్రయల్ల..." అంటూండగా సైటులో భోజనాల సైరన్ మోగింది. ఒక చెవిలో కిటికీలోంచి. రెండో చెవిలో ఫోన్లోంచి. ఒకేసారి.

డబ్బా అక్కడే పెట్టి బయటికి పరిగెత్తాను. సిమెంటు షెడ్డు వెనక నా జీపు! తలుపుల దాకా బురద. వెనక సీట్లో అన్నం గుండిగలు. ముందు సీట్లో క్రాంతిని ఓడించడానికి నేను కొన్న ఎర్ర కుషన్ మీద పప్పు గిన్నె. స్టీరింగు దగ్గర, చెవికి ఫోను పెట్టుకుని, ఆగయ్య.

నన్ను చూసి బిత్తరపోతాడనుకున్నాను. అబ్బే!

"మంచిగొచ్చిన్రు సార్. ఫోర్ వీల్ అస్సలు జారుతలేదు, చూడున్రి."

నేను నోరు తెరిచేలోగా చేతిలో గరిటెతోనే పద్మారాణి పరిగెత్తుకొచ్చింది.

"సార్, మీ కడుపు సల్లగుండ! మీరే బండి తీస్కపొమ్మన్నరంట గద. ఎవ్వలకు జెప్పొద్దన్నరంట గద. ఆగయ్యన్న అన్నీ చెప్పిండు. మా బువ్వ నిలబెట్టిన్రు సార్."

నేను ఆగయ్య వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు.

రెండో గుడ్డు ఎందుకొచ్చిందో అప్పుడు బోధపడింది. సర్వపిండి కూడా. ఈ మనిషి నా జీపును నాకు తెలియకుండా దానం చేసి, పుణ్యం మాత్రం నా పేర రాయించాడు. నేను ఆ పుణ్యాన్ని రోజూ కారం అద్దుకుని తిన్నాను. తిన్నాక కోప్పడితే ఏం బావుంటుంది? పైగా, నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషమేసింది. నేను చెయ్యని మంచిపనికి అంత సంతోషపడటం తప్పేమో గానీ, పడ్డాను.

పద్మారాణి మొహం చిన్నబోయింది. "రేపట్నుంచి బండి మీకు గావాల్నట గద సార్?" అంది. వరసలో పళ్ళేలు పట్టుకున్న కూలీలంతా నా మొహం చూస్తున్నారు. ఆగయ్య జేబులోని కాటా కొక్కెం సవరించుకున్నాడు.

నేను ఆయన జేబులోంచి కాటా లాక్కున్నాను. ఫోర్ వీల్ లివరుకు దారం చుట్టాను. కొక్కెం తగిలించి మెల్లగా లాగాను. ముల్లు ఏం చూపించిందో నాకు అక్కర్లేదు. పెదవి విరిచాను.

"జర వదులుంది ఆగయ్యా. ఇంకా ట్రయల్ కావాలి."

"ఎంత గావాలె సార్?"

"వానలు తగ్గి రోడ్డు ఆరేదాకా."

"గట్లనే సార్" అని తలూపాడు. కానీ ఆగయ్య ఆగయ్యే. పక్కకొచ్చి చెవిలో, "లివరుకు ప్రీలోడ్ చూడరు సార్, తప్పు" అన్నాడు.

డాంగ్ కొండలకు క్రాంతి జీపులో, వెనక సీట్లో, అందరి సంచుల మధ్య వెళ్ళాను. దారి పొడుగునా "తాతగారి బండి ఏమైంది సార్?" అని అడుగుతూనే ఉన్నాడు. "ట్రయల్లో ఉంది" అన్నాను.

సోమవారం డబ్బా వచ్చింది. మూత పడలేదు. లోపల మూడు గుడ్లు. మూత జారిపోకుండా చుట్టూ నూలు దారం కట్టి ఉంది. ఆ ముడి ఎవరిదో చెప్పక్కర్లేదు. విప్పబోతూ ఎందుకో ఒకసారి వేలితో లాగి చూశాను.

బరాబరుంది.